నెల్లూరు, ప్రకాశం ఇళ్లలో అక్వేరియానికి ఏ నీరు మేలు: కుళాయి, బోరు, ఆర్వో, వాన నీళ్ల పోలిక

మంచినీటి అక్వేరియం పెట్టుకునేవారు ఫిల్టరు గురించీ, లైటు గురించీ, అడుగున పరిచే గులకరాళ్ల గురించీ ఎంతో విచారించి కొంటారు గానీ, వారం వారం తొట్టిలో పోయవలసిన నీటి దగ్గరికి వచ్చేసరికి ఇంట్లో ఏ పైపు దగ్గరగా ఉంటే దాని కిందే బకెట్టు పెడతారు. ఈ రెండు జిల్లాల్లో ఆ పద్ధతి కుదరదు. పెన్న నీరు వచ్చే నెల్లూరు కుళాయికీ, సముద్రతీర గ్రామాల్లోని ఉప్పుబోరుకూ, కనిగిరి, పొదిలి ప్రాంతాల్లోని ఫ్లోరైడ్ బోరుకూ మధ్య ఉన్న తేడా చిన్నది కాదు. ఒకచోట హాయిగా పిల్లలు పెట్టే చేప మరొకచోట నెల తిరగకుండానే చనిపోవచ్చు. రోజువారీ పోషణలో ఎదురయ్యే చిక్కులు, అంటే అద్దం మీద తెల్లటి చార, మబ్బుగా మారే నీరు, కారణం తెలియకుండా చేపలు పైకి వచ్చి నోరు తెరవడం, వీటిలో చాలా భాగం మనం ఎంచుకున్న నీటితోనే మొదలవుతాయి.

అన్నిటికన్నా శ్రేష్ఠమైన నీరు ఏది అని అడగడం కన్నా, నాకు ఏడాది పొడుగునా ఒకే తీరుగా దొరికే నీరు ఏది, ఆ నీటికి ఏ చేప నప్పుతుంది అని అడగడం మంచిదని నా అభిప్రాయం.

ముందుగా చూడవలసిన అంశాలు

మొదటిది నిలకడ. చేప తన చుట్టూ ఉన్న నీటిలోని లవణాలకు తగినట్టు శరీరంలోని లవణాలను సర్దుకుంటూ బతుకుతుంది, ఆ సర్దుబాటుకు సమయం పడుతుంది. టీడీఎస్ (నీటిలో కరిగి ఉన్న మొత్తం లవణాలు, లీటరుకు మిల్లీగ్రాములలో) 900 ఉన్న నీటికి అలవాటుపడిన చేప అందులో ఏళ్ల తరబడి బతకవచ్చు గానీ, ఈ వారం 900, వచ్చే వారం 200, ఆపై వారం 700 అంటే తట్టుకోలేదు.

రెండవది కాఠిన్యం, ఆల్కలినిటీ. ఈ రెండూ ఒకటే అనుకోవడం మామూలు పొరపాటు. కాఠిన్యం నీటిలోని కాల్షియం, మెగ్నీషియాలను తెలుపుతుంది. ఆల్కలినిటీ పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె; 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) పడిపోకుండా నీరు ఎంతవరకు నిలదొక్కుకోగలదో తెలుపుతుంది. ఫిల్టరులోని బాక్టీరియా చేపలు విసర్జించే అమ్మోనియాను నైట్రేటుగా మార్చేటప్పుడు, ఒక గ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు కాల్షియం కార్బొనేట్ లెక్కన సుమారు 7 గ్రాముల ఆల్కలినిటీ ఖర్చవుతుంది. అది అయిపోతే పీహెచ్ కిందికి జారుతుంది, బాక్టీరియా పని మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. లీటరుకు 70 నుంచి 100 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఉంటే ఇంటి తొట్టికి భయం లేదు.

టీడీఎస్ మీటరు చవకగా దొరుకుతుంది కాబట్టి అందరూ దాన్నే నమ్ముతారు. అది మొత్తం లవణాలను చెబుతుందే తప్ప అవి ఏ లవణాలో చెప్పదు. తీరంలోని బోరులో 900 చూపితే అందులో ఎక్కువ భాగం మామూలు ఉప్పు కావచ్చు; ఫ్లోరైడ్ ప్రాంతపు బోరులో అదే 900 చూపితే సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండవచ్చు; సున్నపురాయి పొరల నుంచి వచ్చే నీటిలో అదే 900 నిజంగా కాల్షియం కాఠిన్యమే కావచ్చు. మూడింటికీ మీటరు మీద కనిపించే అంకె ఒకటే, చేపకు మాత్రం మూడూ వేర్వేరు నీళ్లు.

ఈ విషయంలో మన ప్రాంతానికి ఒక సౌకర్యం ఉంది. రొయ్యల చెరువుల పుణ్యమా అని తీరం వెంబడి పట్టణాల్లో నీటిని పరీక్షించే ఆక్వా ల్యాబులు ఉన్నాయి. ఒక సీసాడు నీళ్లు ఇస్తే పీహెచ్, ఆల్కలినిటీ, కాఠిన్యం, అమ్మోనియా రాసి ఇస్తారు. ఆ కాగితం మీద అంకెలు మాత్రమే తీసుకోవాలి. పక్కన రాసే ‘తక్కువ’, ‘ఎక్కువ’ అన్న వ్యాఖ్యలు వనామీ రొయ్యను దృష్టిలో పెట్టుకుని రాసేవి. అక్వేరియం పుస్తకాలు కాఠిన్యాన్ని డిగ్రీలలో చెబుతాయి కాబట్టి, ల్యాబు ఇచ్చిన మిల్లీగ్రాముల అంకెను 17.9తో భాగిస్తే డిగ్రీలు వస్తాయి.

మూడవది క్లోరిన్. నాలుగవది శ్రమ. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో గులకరాళ్లు పోను 50 లీటర్లు పడతాయి. వారానికి నాలుగో వంతు మార్చడమంటే 12 లీటర్లు, అంటే ఒక బకెట్టు కూడా నిండదు. మూడడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టికైతే 30 లీటర్లు కావాలి. మొదటి తొట్టికి ఏ నీరైనా మోయవచ్చు. రెండవదానికి క్యాన్లు కొనాలంటే ఆరు నెలల్లోపే విసుగు పుడుతుంది.

కుళాయి నీరు

నెల్లూరుకు పెన్న నుంచీ, ఒంగోలుకు సమ్మర్ స్టోరేజీ ట్యాంకుల్లో నింపిన నాగార్జునసాగర్ కుడి కాలువ నీటి నుంచీ సరఫరా జరుగుతుంది. ఇది నది నీరు కాబట్టి చుట్టుపక్కల బోర్ల కన్నా సాధారణంగా లవణాలు తక్కువగా ఉంటాయి, ఆల్కలినిటీ తగినంత ఉంటుంది. గప్పీ, మోలీ మొదలుకొని ఏంజెల్, గౌరామి, బార్బ్, టెట్రాల దాకా దుకాణాల్లో దొరికే చాలా చేపలకు ఇది సరిపోతుంది.

దీనితో వచ్చే ఇబ్బంది క్లోరిన్. తాగునీటి ప్రమాణం ప్రకారం కుళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. మనకు రక్షణనిచ్చే ఆ మోతాదే చేప మొప్పలను కాలుస్తుంది, ఫిల్టరులోని బాక్టీరియానూ చంపుతుంది. వానలు పడి నీరు బురదగా మారినప్పుడూ, పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ కలిపిన రోజునా మోతాదు మరింత పెరుగుతుంది. నీటిని వెడల్పాటి డ్రమ్ములో పట్టి, ఎయిర్ పంపు రాయి వేసి ఒక రోజు ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే దుకాణంలో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి. చాలా సీసాల్లో ఉండేది సోడియం థయోసల్ఫేటే. హైపో పేరుతో అదే స్ఫటికాలుగా చవకగా వస్తుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 100 లీటర్ల నీటికి సుమారు 0.7 గ్రాముల స్ఫటికాలు చాలు.

డ్రమ్ముకు మూత లేక సన్నటి వల తప్పనిసరి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. ఆ పిల్లపురుగులు చేపలకు విందే అయినా, డెంగీ జ్వరాల కాలంలో ఇంటివారికి అది మంచి బేరం కాదు.

వేసవిలో మరొక జాగ్రత్త కావాలి. మిద్దె మీద ప్లాస్టిక్ ట్యాంకులోని నీరు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. నీరు మార్చే పనిని తెల్లవారుజామునే, నీడలో ఉంచిన డ్రమ్ము నీటితో చేయాలి.

బోరు నీరు

ఎక్కువ ఇళ్లలో చేతికందే నీరు ఇదే, ఎక్కువ సందేహాలు వచ్చేదీ దీని గురించే. బోరు నీటిలో క్లోరిన్ ఉండదు, కావలసినంత దొరుకుతుంది, వేసవిలో నీటిమట్టం దిగిపోయే నెలలు మినహాయిస్తే గుణం పెద్దగా మారదు. నిలకడే ముఖ్యమని పైన రాసిన మాట ప్రకారం చూస్తే, బోరు నీటికి అందరూ వేసే మార్కుల కన్నా ఎక్కువే వేయాలి. మన దుకాణాల్లో బాగా అమ్ముడుపోయే గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ కాఠిన్యం ఉన్న నీటిని ఇష్టపడే జాతులు. ఆఫ్రికాలోని మలావి సరస్సు సిక్లిడ్ చేపలకైతే పీహెచ్ 7.7 నుంచి 8.6 వరకు ఉన్న నీరే సొంత ఊరు.

అయితే మూడు విషయాలు గమనించాలి. భూమి లోపలి నుంచి వచ్చిన నీటిలో ఆక్సిజన్ తక్కువగా, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది. మోటారు వేసి పట్టిన వెంటనే పీహెచ్ చూస్తే 7 చూపవచ్చు, ఒక రోజు గాలి తగిలాక అదే నీరు 8 చూపవచ్చు. కాబట్టి పట్టిన నీటిని నేరుగా తొట్టిలో పోయకూడదు, పట్టిన వెంటనే చేసిన పరీక్షను నమ్మకూడదు. ఇనుము ఉన్న నీరైతే ఈ ఒక్క రోజులోనే తుప్పురంగు మడ్డి అడుగుకు దిగుతుంది, పైనీటిని మాత్రం వంచుకోవచ్చు.

రెండవది, పీహెచ్ ఎక్కువైన కొద్దీ అమ్మోనియా విషం పెరుగుతుంది. నీటి వేడి 30 డిగ్రీలు ఉన్నప్పుడు పీహెచ్ 7 వద్ద మొత్తం అమ్మోనియాలో విషరూపం ఒక శాతానికి లోపే; పీహెచ్ 8 వద్ద అది ఏడు శాతం దాటుతుంది. కుళాయి నీటి తొట్టిలో మేత కాస్త ఎక్కువైనా గడిచిపోవచ్చు, బోరు నీటి తొట్టిలో గడవదు. ఈ నీటిని ఎంచుకున్నవారు రెండు నిమిషాల్లో తినగలిగినంతే మేత వేసి, మిగిలినది వెంటనే తీసేయడం అలవాటు చేసుకోవాలి.

మూడవదాన్ని చాలామంది గుర్తించరు. తొట్టి నుంచి ఆవిరయ్యేది నీరు మాత్రమే, లవణాలు లోపలే ఉండిపోతాయి. వేసవిలో ఫ్యాను కింద ఉన్న 100 లీటర్ల తొట్టి నుంచి వారానికి 10 లీటర్లు ఆవిరయ్యాయనుకుందాం. ఆ లోటును టీడీఎస్ 1200 ఉన్న బోరు నీటితో నింపితే 12 గ్రాముల లవణాలు కొత్తగా చేరతాయి, అంటే తొట్టి టీడీఎస్ వారానికి 120 చొప్పున ఎక్కుతుంది. అద్దం మీద నీటి గీత దగ్గర గడ్డకట్టే తెల్లటి చార ఇలా చేరినవాటి గుర్తే. నీటిమట్టం కొంచెం తగ్గించి వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే అది పోతుంది గానీ, నీటిలో కలిసి ఉన్న లవణాలు పోవు. ఆవిరైన లోటు నింపడానికి ఆర్వో లేదా వాన నీరు, వారపు మార్పిడికి బోరు నీరు అని పనిని విడదీసుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

తీరగ్రామాల్లో నోట పెట్టుకుంటేనే ఉప్పగా తగిలే బోర్లను సాధారణ మంచినీటి తొట్టికి వాడకపోవడమే మంచిది. మోలీ వంటి ఉప్పును ఓర్చే చేపలు మాత్రమే అందులో సుఖంగా ఉంటాయి. కనిగిరి, పొదిలి వైపు నీటిలో ఫ్లోరైడ్ గురించి మనుషులు పడుతున్న భయం న్యాయమైనదే. చేపల ఎంపికకు మాత్రం ఆ నీటిలో కాల్షియం ఎంత ఉందో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే అక్కడ ఆల్కలినిటీ ఎక్కువగా ఉండి కాఠిన్యం తక్కువగా ఉండే అవకాశం ఉంది. మోలీ, గప్పీలకు కాల్షియం కావాలి. ఆ లోటును సోడియం తీర్చదు.

ఇదే కారణంగా, అపార్ట్‌మెంట్లలో బోరు నీటికి పెట్టే సాఫ్ట్‌నర్ నుంచి వచ్చే నీటిని తొట్టికి వాడవద్దు. అది కాల్షియం, మెగ్నీషియాలను తీసి ఆ స్థానంలో సోడియం చేరుస్తుంది. సబ్బు బాగా నురుగొస్తుంది, టీడీఎస్ మాత్రం తగ్గదు. సాఫ్ట్‌నర్‌కు ముందున్న పైపు నుంచి నీరు పట్టుకోవాలి.

ఆర్వో నీరు, క్యాను నీరు

‘మనం తాగే నీళ్లే చేపలకు పోస్తున్నాం’ అని గొప్పగా చెప్పేవారు కనిపిస్తారు. ఆ ప్రేమను కాదనలేం గానీ, ఒంటరిగా వాడితే నాలుగింటిలో ఎక్కువ ఇబ్బంది పెట్టే నీరు ఇదే. ఆర్వో పొర లవణాలలో చాలా భాగాన్ని తీసేస్తుంది, వాటితోపాటు ఆల్కలినిటీ కూడా పోతుంది. మొదటి రెండు మూడు వారాలు అంతా బాగానే కనిపిస్తుంది. ఆ తరువాత పీహెచ్ 6 కిందికి దిగి, ఫిల్టరు పని మందగించి, చేపలు మూలన ఒదిగి ఉంటాయి.

దీని అసలు ఉపయోగం కలపడంలో ఉంది. టీడీఎస్ 1200 ఉన్న బోరు నీరు ఒక పాలు, 60 ఉన్న ఆర్వో నీరు మూడు పాళ్లు కలిపితే 345 వస్తుంది. దానితో దాదాపు అన్ని రకాల చేపలనూ పెంచవచ్చు. ప్రతి వారం అదే కొలత, అదే బకెట్టు వాడితే నిలకడ కూడా దక్కుతుంది. బోరు నీరు కలపడం వీలుకాని అద్దె ఇళ్లవారు ఆల్కలినిటీ కోసం మైపాడు, కొత్తపట్నం తీరాల్లో దొరికే గవ్వలను, ఆల్చిప్పలను బాగా కడిగి, మరిగించి, చిన్న ముక్కలుగా కొట్టి ఒక పలుచటి సంచిలో ఫిల్టరు దగ్గర ఉంచవచ్చు. పీహెచ్ తగ్గినప్పుడే అవి నెమ్మదిగా కరుగుతాయి కాబట్టి మోతాదు మించే భయం తక్కువ. వంటసోడా కూడా పనిచేస్తుంది. 50 లీటర్లకు ఐదు గ్రాములు వేస్తే ఆల్కలినిటీ లీటరుకు 60 మిల్లీగ్రాములు పెరుగుతుంది. దాన్ని ఒకేసారి కాకుండా రెండు మూడు రోజులకు విడదీసి, నీటిలో కరిగించి పోయాలి. అయితే వంటసోడా కాల్షియం ఇవ్వదు.

క్యాను నీరు కూడా ఎక్కువగా ఆర్వో నీరే. ప్లాంటు మారితే టీడీఎస్ మారుతుంది కనుక ఒకే ప్లాంటు దగ్గర కొనడం, ప్రతి క్యానును మీటరుతో చూడడం అవసరం. ఇక ఆర్వో యంత్రం పక్క గొట్టం నుంచి వదిలేసే నీటిని వృథా చేయడం ఎందుకని తొట్టిలో పోసేవారున్నారు. అది వడకట్టిన లవణాలన్నీ చేరిన నీరు. గచ్చు కడగడానికి పనికివస్తుంది, చేపలకు పనికిరాదు.

వాన నీరు, ట్యాంకరు నీరు, చెరువు నీరు

నెల్లూరు వైపు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి. మొదటి ఒకటి రెండు వానలు మిద్దెను కడిగాక పట్టిన నీరు మృదువుగా ఉంటుంది. గుణంలో ఆర్వో నీటి వంటిదే, కరెంటు ఖర్చు లేదు. కానీ తొమ్మిది నెలలకు సరిపడా నిల్వ చేయడం ఇళ్లలో కుదరదు కాబట్టి దీన్ని బోరు నీటిని పలచన చేయడానికీ, ఆవిరి లోటు నింపడానికీ మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి.

ట్యాంకరు నీరు ఏ రోజు ఏ బావి నుంచి వస్తుందో చెప్పలేం. వేసవిలో అదే దిక్కయితే ప్రతిసారీ టీడీఎస్ చూసి, క్లోరిన్ పోగొట్టి, పదో వంతుకు మించకుండా మార్చాలి. చెరువు, కాలువ నీటితో పరాన్నజీవులు, పొలాల మందులు తొట్టిలోకి వస్తాయి. అది వద్దు.

| నీరు | నిలకడ | క్లోరిన్ | కాఠిన్యం, ఆల్కలినిటీ | వారపు పని | నప్పే చేపలు |
|---|---|---|---|---|---|
| కుళాయి | మధ్యస్థం, వానల్లో మారుతుంది | ఉంటుంది | మధ్యస్థం | ఒక రోజు నిల్వ లేదా చుక్కలు | చాలా రకాలు |
| బోరు | ఎక్కువ | ఉండదు | ఎక్కువ, ఊరిని బట్టి | ఒక రోజు గాలి పట్టించడం | గప్పీ, మోలీ, ప్లాటీ, మలావి సిక్లిడ్ |
| ఆర్వో, క్యాను ఒంటరిగా | కొత్తలో బాగు, తరువాత పీహెచ్ జారుతుంది | సాధారణంగా ఉండదు | దాదాపు శూన్యం | గవ్వలు లేక సోడా, తరచూ పరీక్ష | మృదు జలపు చేపలు, అనుభవం ఉన్నవారికి |
| బోరు, ఆర్వో కలిపి | ఎక్కువ | ఉండదు | మన చేతిలో ఉంటుంది | కొలిచి కలపడం | దాదాపు అన్నీ |
| వాన | కాలాన్ని బట్టి | ఉండదు | చాలా తక్కువ | పట్టి నిల్వ చేయడం | ఒంటరిగా వాడకూడదు |

ఎవరికి ఏది

నెల్లూరు, ఒంగోలు పట్టణాల్లో కుళాయి నీరు క్రమంగా వచ్చే ఇళ్లవారు వేరే ఆలోచన పెట్టుకోనక్కరలేదు. ఒక మూత ఉన్న డ్రమ్ము, ఒక ఎయిర్ పంపు చాలు. తొలిసారి తొట్టి పెట్టే పిల్లలున్న ఇంటికి నేను ఇదే చెబుతాను.

బోరు తప్ప మరో దారి లేని ఇంట్లో, తొట్టి మూడడుగులు లేదా అంతకన్నా పెద్దదైతే, నీటిని మార్చడానికి పోరాడకుండా చేపను మార్చుకోవడం తెలివైన పని. టీడీఎస్ వెయ్యి దాటిన నీటిలో కార్డినల్ టెట్రాను బతికించడానికి పడే పాట్లలో సగం పడితే మలావి సిక్లిడ్ తొట్టి ఊరంతా వచ్చి చూసేలా తయారవుతుంది. చిన్న తొట్టి ఉండి, ఇంట్లో ఆర్వో యంత్రం కూడా ఉన్నవారికి కలిపిన నీరే నా ఓటు. వారానికి తొమ్మిది లీటర్ల ఆర్వో నీటితో పని అయిపోతుంది. మొక్కలు పెంచే తొట్టి, ఏంజెల్, టెట్రాలు కోరుకునేవారికీ ఇదే మార్గం, కాకపోతే వారు ఆర్వో నీటి వాటా పెంచుకోవాలి.

నియాన్ టెట్రా, గోల్డ్‌ఫిష్ అడిగేవారికి మాత్రం నీటి రకం కన్నా ముందు నీటి వేడి గురించి చెప్పాలి. ఈ రెండూ చల్లటి నీటిని కోరుకుంటాయి. మే నెలలో ఇంట్లోని తొట్టి నీరే 32 డిగ్రీలకు చేరుతుంది, అప్పుడు నీరు పట్టి ఉంచగల ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. ఏ నీరు పోసినా ఆ వేసవి రోజులు వాటికి గండమే.

ఒక నీటి నుంచి మరో నీటికి మారేటప్పుడు

ఇల్లు మారినా, బోరు ఎండినా, కుళాయి కొత్తగా వచ్చినా పాత నీటిని ఒక్కసారిగా పారబోయకూడదు. పదో వంతు చొప్పున, రెండు మూడు రోజులకొకసారి మారుస్తూ, ఒక్కో మార్పులో టీడీఎస్ 50 నుంచి 100కు మించి కదలకుండా చూసుకోవాలి. కొత్త చేపలకూ ఇదే సూత్రం. రంగుచేపల పెంపకానికి పేరున్న చెన్నైలోని కొళత్తూరు మనకు దగ్గరే కాబట్టి అక్కడినుంచి నేరుగా తెచ్చుకునేవారు కూడా ఉన్నారు. అక్కడి నీరు వేరు, మన నీరు వేరు. సంచిని తొట్టిలో తేలవేసి వేడి సమానం చేయడంతో సరిపెట్టకుండా, గంటసేపు కొద్దికొద్దిగా తొట్టి నీటిని సంచిలో పోసి, చివరకు చేపను వలతో తీసి తొట్టిలో వదిలి, సంచిలోని నీటిని బయట పారబోయాలి.

బంగాళాఖాతంలో వాయుగుండం వార్త వచ్చినప్పుడు ఏ నీటిని ఎంచుకున్నవారైనా ఒక డ్రమ్ము సిద్ధం చేసిన నీటిని ముందే పట్టి ఉంచుకోవాలి. కరెంటు పోతే మోటారు నడవదు, ఆర్వో నడవదు, కుళాయి వచ్చినా ఆ నీరు బురదగా, బ్లీచింగ్ వాసనతో ఉంటుంది. ఆ రోజుల్లో బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి దగ్గర పెట్టుకుని మేత పూర్తిగా ఆపేస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు మూడు నాలుగు రోజులు ఇబ్బంది లేకుండా గడుపుతాయి.